22 డాలర్ల కోసం కారు కవర్ తగ్గించుకోకండి

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. వెన్నునొప్పికి మెడికల్ కెనబిస్ (మందుగా వాడే గంజాయి) కార్డు తీసుకోమని డాక్టరు అన్నారు. దాన్ని అనుమతించిన రాష్ట్రాల్లో కారు ఇన్సూరెన్స్ చవకైందని చదివాను. అందుకే మా లయబిలిటీని (మా వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి కవర్) 100/300 నుంచి 15/30కి దించి, మిగిలింది షాద్‌నగర్ ప్లాటు ఈఎంఐకి కడదామనుకుంటున్నాను. అవసరమైతే 401(కె) (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) మీద లోను ఎలాగూ ఉంది. సరేనా?

జవాబు: ఒప్పుకోను. మీరు చదివింది నిజమే. మెడికల్ కెనబిస్ అనుమతి తర్వాత ప్రీమియం సగటున ఏడాదికి 22 డాలర్లు తగ్గిందని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. నెలకు రెండు డాలర్లు కూడా కాదు. అదే ఏడాది అమెరికా రోడ్డు భద్రతా పరిశోధన సంస్థ ఐఐహెచ్ఎస్ పరిశోధకులు, సరదా వాడకాన్ని కూడా అనుమతించిన రాష్ట్రాల్లో గాయాలయ్యే ప్రమాదాలు దాదాపు 6 శాతం పెరిగాయని చెప్పారు. ఇలాంటి సగటులు చూసి సొంత పాలసీ కోసుకునేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. అందుకే మీ ప్రశ్న ఎంచుకున్నాను.

మీ కవర్ పరిమితులు రాసి ఉండే పాలసీ డిక్లరేషన్ పేజీ ఒకసారి తీయండి. మీరు దిగాలనుకుంటున్న 15/30/5 అంటే గాయపడిన ఒక్కొక్కరికి 15 వేలు, ప్రమాదం మొత్తానికి 30 వేలు, అవతలి కారుకు 5 వేల డాలర్లు. వెనక నుంచి ఒక కొత్త టెస్లాను గుద్దితే ఆ 5 వేలు బంపరు, సెన్సర్ల దగ్గరే అయిపోతాయి. ఎముక విరిగి ఆపరేషన్ అయితే 15 వేలు ఏ మూలకు? మిగతాది మీ సొంత ఆస్తి చూసి అడుగుతారు.

పైగా మీ రాష్ట్రంలో కార్డున్నా సరే, రక్తంలో టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) ఆనవాలు దొరికితే డీయూఐ (మత్తులో డ్రైవింగ్) కేసే. అది వాడిన చాలా రోజుల తర్వాత కూడా దొరకొచ్చు. మొదటిసారి శిక్ష పడితే కనీసం 72 గంటల జైలు, ఏడాది లైసెన్స్ సస్పెన్షన్. ఆ తర్వాత మీ ప్రీమియం ఏ సగటునూ చూడదు.

ఇక 401(కె) లోను సంగతి. అది మీ రిటైర్మెంట్ డబ్బు! దావా పడిన రోజునే ఉద్యోగం పోతే ఏం చేస్తారు? బ్యాంకులో ఆరు నెలల ఖర్చు లేకుండా ప్లాటు కొనడమే తొందరపాటు. దానికి తోడు అప్పునే రక్షణ అనుకోవడం నాకు అస్సలు నచ్చలేదు.

లయబిలిటీని 250/500కి పెంచండి. ఇన్సూరెన్స్ లేనివాళ్లు, చాలినంత లేనివాళ్లు గుద్దినప్పుడు ఆదుకునే అన్‌ఇన్స్యూర్డ్, అండర్ఇన్స్యూర్డ్ కవర్ వద్దని గతంలో సంతకం పెట్టి ఉంటే తిరిగి తీసుకోండి. మిమ్మల్ని గుద్దినవాడి దగ్గర కూడా ఆ 15/30యే ఉండొచ్చు. దాని మీద 10 లక్షల డాలర్ల అంబ్రెల్లాకు (అదనపు లయబిలిటీ పాలసీ) కొటేషన్ అడగండి. డబ్బు చాలకపోతే డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరు భరించే భాగం) పెంచుకోండి.

వీసా మీదుంటే, కార్డుకు దరఖాస్తు పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.