బాలేలో ప్లియేకి (పాదాలు బయటికి తిప్పి, మోకాళ్లు వంచి దిగడం) దిగగానే నడుం గుంటపడి పిరుదులు వెనక్కి పోతున్నాయి. టీచర్ "లోపలికి లాగు" అంటారు, లాగితే మోకాళ్లు నొప్పి. ఏం చేయాలి?

నేను బాలే నేర్చుకోలేదు. నెల్లూరులో పదకొండేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీ రోగమే నాదీ. మీ ప్లియేకీ మా అరమండికీ (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చోవడం) నాకు కనిపించే పెద్ద తేడా ఒక్కటే. మీరు దిగి లేస్తారు, మేం దిగాక జతి, అంటే అడుగుల వరస, అయ్యేదాకా అక్కడే ఉండాలి.

మా టీచర్ గారి దగ్గర అన్నిటికీ ఒకటే మందు, "ఇంకా కూర్చో". కూర్చునే కొద్దీ పిరుదులు ఇంకా వెనక్కి పోయేవి.

ఆ ఏడు మా ఇంటి మీద పై అంతస్తు కడుతున్నారు. ఓ సాయంత్రం వరండాలో సాధన చేస్తుంటే, చేతులు కడుక్కుంటున్న మేస్త్రీ ఆగి చూశాడు. "ఏంది పాపా, తూకం తప్పుండావే!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం గోడకి పట్టే తూకం గుండు తెచ్చి, దారం నా చెవి పక్కన పట్టుకుని నిలబడ్డాడు. మామూలుగా నిలబడితే చెవి, భుజం, తుంటి అన్నీ దారం మీదే ఉన్నాయి. అరమండిలోకి దిగానో లేదో ఛాతీ దారానికి ముందు, పిరుదులు నాలుగు వేళ్లు వెనక. అమ్మ పక్కనుంచి ఫోటో తీసింది. అప్పటిదాకా నేను స్తంభంలా నిటారుగా ఉన్నాననే నా నమ్మకం!

మర్నాడు రోషంతో పిరుదులు బిగించి లోపలికి లాగేశాను. దారం సరిపోయింది. కానీ మోకాళ్లు రెండూ ముందుకొచ్చేశాయి, వారానికల్లా లోపలి వైపు నొప్పి. మీకు జరుగుతున్నదీ ఇదే.

చివరికి నెల్లూరు పొగతోటలో ఒక ఫిజియోథెరపిస్టు చెప్పింది. కాలు బయటికి తిరగాల్సింది తుంటి కీలులో. కీలు ముందు ఒక గట్టి లిగమెంటు ఉంటుంది, అది తిరగనివ్వకుండా పట్టేస్తుంది. కటిని ముందుకి వంచితే అది వదులవుతుంది, పాదం ఇంకాస్త తిరుగుతుంది. అంటే ఆ నడుం గుంట మన శరీరం చేసే దొంగ లెక్క. అందుకే నా మాట: మీ తప్పు నడుంలో లేదు, పాదాల్లో ఉంది. తుంటి ఇచ్చేదానికన్నా ఎక్కువ తిప్పుతున్నారు. పాదాల కోణం కొంచెం తగ్గించి, తుంటి ముందు ఎముకలు రెండింటి మీదా, పొత్తికడుపు కింది ఎముక మీదా వేళ్లు పెట్టి దిగండి. మూడూ ఒకే నిలువు పలక మీద ఉండాలి. మోకాలు పాదం రెండో వేలి మీదికి రావాలి. నాకు సర్దుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

అందరికీ పాదాలు 180 డిగ్రీలు తిరగవు, తుంటి కీలు గుంట పుట్టుకతోనే మనిషికో తీరు. ఇది ఇక్కడి తల్లిదండ్రులకు చెప్పి చూడండి! రెండేళ్లలో అరంగేట్రం కావాలి, ఫ్లెక్సీ మీద ఫోటోలో మోకాళ్లు రెండూ ఒకే గీతలో కనపడాలి. పైగా సాధన గ్రానైట్ బండల మీద. బాలే వాళ్లు అడుగు పడితే కాస్త కుంగి లేచే చెక్క నేల వేయించుకుంటారు, మనం మాత్రం పిల్లల్ని రాతి మీద దబదబా కొట్టమంటాం.

ఇంతకీ మీ క్లాసులో నేల ఏంటో రాయలేదు. బండలైతే ఆ మోకాళ్లతో గెంతులు ఆపేయండి ముందు.