వరి మునిగినప్పుడు లోపల ఏం జరుగుతుందో అది రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బావుంది, విషయం మీద నీకున్న ఇష్టం కనపడుతోంది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా. నాకు కనపడ్డ లోటు ఒకటే. "వరద రాగానే వరి మొక్క ప్రమాదాన్ని గ్రహిస్తుంది, వెంటనే సబ్1 అనే జన్యువు మేల్కొని మొక్కను కాపాడుతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. గ్రహించడానికీ కాపాడడానికీ మధ్యలో ఉన్నదే కదా అసలు సంగతి, దాన్నే వదిలేశావు. కళ్ళు లేవు, చెవులు లేవు, నరాలు లేవు, మరి ఎలా గ్రహించింది? ఏ అణువు పోయి దేనికి తగిలింది, తగిలితే ఏం మారింది, ఆ మారినదాని వల్ల తర్వాత ఏం జరిగింది, ప్రతి మెట్టు దగ్గరా ఈ ప్రశ్న వేసుకుని జవాబు దొరికాకే తర్వాతి వాక్యానికి వెళ్ళు. ఎలాగో నీ టాపిక్ మీదే చూపిస్తాను.

చేను మునిగితే మొక్కకి ఆక్సిజన్ అందదు, అదే మొదటి సిగ్నల్ అనుకున్నావు, చాలామంది అలాగే రాస్తారు. కానీ పగటిపూట కొంచెం వెలుతురున్నా చాలు, నీళ్ళ కిందున్న ఆకు కూడా కిరణజన్య సంయోగక్రియ చేసుకుంటూ కొంత ఆక్సిజన్ తనే తయారుచేసుకుంటుంది, బురద నీళ్ళైతే తక్కువ, రాత్రయితే అసలుండదు. అంటే ఆక్సిజన్ పగలూ రాత్రీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దానికంటే ముందే మారేది ఇథిలీన్. ఈ వాయువుని మొక్క ఎప్పుడూ కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది, మామూలుగా అది గాల్లోకి పోతుంది. నీళ్ళలో వాయువులు కదలడం గాల్లో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది, కాబట్టి తలుపులన్నీ మూసేసిన వంటింట్లో పోపు ఘాటు నిలబడిపోయినట్టు ఇథిలీన్ మొక్కలోనే పేరుకుపోతుంది. మొక్క కొత్తగా ఏమీ చెయ్యలేదు చూడు, రోజూ బయటికి పోయేది పోకపోవడమే దానికి మొదటి కబురు. ఈ ఒక్క సంగతి సరిగ్గా చెప్తే చదివేవాడు మిగతాదంతా నీ వెంటే వస్తాడు.

ఇంకో మెట్టు దిగు. ఇథిలీన్ చాలా చిన్న అణువు, రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే. దాని రిసెప్టర్లు, అంటే దాన్ని పట్టుకుని కబురు అందుకునే ప్రొటీన్లు, కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే పొరల వలలో ఉంటాయి, వాటిలో రాగి అయాన్ ఒకటి ఉంటుంది, ఇథిలీన్ వచ్చి అతుక్కునేది ఆ రాగికే. వీటిలో మొదటిదైన ఇటిఆర్1 జన్యువుని 1993లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పట్టుకున్నారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండు, ఎందుకంటే ఇది అందరూ ఊహించేదానికి తిరగబడి పనిచేస్తుంది. ఇథిలీన్ లేనప్పుడే రిసెప్టర్ చురుగ్గా ఉంటుంది, సిటిఆర్1 అనే కైనేజ్ (ఇతర ప్రొటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) సాయంతో ఇఐఎన్2 అనే ప్రొటీన్‌ని కదలకుండా అణిచిపెడుతుంది. ఇథిలీన్ అతుక్కున్నాక ఆ అణచడం ఆగిపోతుంది, ఇఐఎన్2 చివరి ముక్క తెగి న్యూక్లియస్‌లోకి పోతుంది, అక్కడ జన్యువులు ఆన్ అవుతాయి. వరిలోనూ స్థూలంగా ఇదే వరస. మూడు పేర్లూ ఒకేసారి పాఠకుడి మీద పడేయకు, ఒక్కో పేరుకీ ఒక పని అప్పజెప్పి ఆ పని చెప్పాకే రెండోదానికి వెళ్ళు, ఎక్కడైనా ఒక పేరు చెయ్యడానికి పని లేకపోతే దాన్ని తీసెయ్.

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి, నాకైతే మొత్తం మీద ఇదే ఎక్కువ ఇష్టం. 2011లో నేచర్ పత్రికలో రెండు వేరువేరు గ్రూపులు ఒకే కథ బయటపెట్టాయి. ఇఆర్ఎఫ్ ఏడో గ్రూపు అని, వేరే జన్యువుల్ని ఆన్ చేసే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి, వాటి మొదట్లో మెథియోనిన్, దాని పక్కన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటాయి. మెథియోనిన్ ఊడిపోయాక సిస్టీన్ బయటపడుతుంది. ఆక్సిజన్ ఉంటే ఒక ఎంజైమ్ ఆ సిస్టీన్‌ని ఆక్సీకరణం చేస్తుంది, దానికి ఆర్జినిన్ అతుక్కుంటుంది, తర్వాత నాశనం చెయ్యమని గుర్తుగా యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ తగిలించి కణం ఆ ప్రొటీన్‌ని ముక్కలు చేసేస్తుంది. అంటే గాలి బాగా ఆడుతున్నంతసేపూ మొక్క ఈ ప్రొటీన్‌ని తయారుచేస్తూ, తయారైనదాన్ని నాశనం చేస్తూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గిన రోజున నాశనం ఆగుతుంది, ప్రొటీన్ నిలబడుతుంది, గాలి లేకుండా చక్కెర నుంచి కొంచెం శక్తి తీసుకునే ఎంజైమ్‌ల జన్యువుల్ని ఆన్ చేస్తుంది. ఇంత దుబారా ఎందుకంటే, అవసరం వచ్చాక కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టే టైమ్ ఉండదు కాబట్టి. మన శరీరంలో ఆక్సిజన్ కొలిచే హిఫ్ అనే ప్రొటీన్ కూడా ఇలాగే ఆక్సిజన్ ఉంటే నాశనమవుతుంది, దాని మీద పనిచేసిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. మన ప్రొటీన్లూ ఎంజైమ్‌లూ మొక్కలోవి కావు, ఉపాయం మాత్రం ఒకటే. వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం చాలు, నోబెల్ అనగానే పాఠకుడి ధ్యాస మొక్క మీంచి జారిపోతుంది.

ఇథిలీన్‌కీ ఆక్సిజన్‌కీ ముడి కూడా ఉంది. ఆ ప్రొటీన్ విరగడానికి ఆక్సిజన్ ఒక్కటే సరిపోదు, నైట్రిక్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు కూడా కావాలి. ఇథిలీన్ పేరుకున్నప్పుడు ఫైటోగ్లోబిన్ అనే ప్రొటీన్ పెరిగి నైట్రిక్ ఆక్సైడ్‌ని ఊడ్చేస్తుందని 2019లో అరబిడాప్సిస్‌లో చూపించారు. కాబట్టి ఆక్సిజన్ ఇంకా పూర్తిగా తగ్గకముందే ఇథిలీన్ వచ్చి మొక్కని సిద్ధం చేసి పెడుతోందన్నమాట. నీ డ్రాఫ్ట్‌లో ఇథిలీన్ పేరే లేదు, తప్పకుండా చేర్చు.

ఇక సబ్1. నువ్వు దాన్ని యుద్ధం చేసే సైనికుడిలా రాశావు, నిజానికి అది చేయించే పని ఆగిపోవడం. మామూలు వరి మునిగితే ఇథిలీన్ వల్ల మొక్కని సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోన్ జోరు పెరిగి, పైకి తేలాలని ఆకులూ కాండమూ సాగుతాయి. నీళ్ళు నెలల తరబడి నిలిచే చోట పెరిగే లోతునీటి వరికి అది బతుకుతెరువు, ఆ సాగుడు వెనకున్న స్నార్కెల్ జన్యువుల్ని 2009లో జపాన్ వాళ్ళు బయటపెట్టారు. కానీ పదిరోజులుండి పోయే వరదలో పొట్టి రకం వరి అలా సాగితే దాచుకున్న చక్కెరంతా ఖర్చయిపోతుంది, పైకి తేలనూ తేలదు. సబ్1లో అసలు పని చేసేది సబ్1ఎ అనే జన్యువు, దాని ప్రొటీన్ ఇథిలీన్ పెరిగాకే తయారవుతుంది, జిబ్బరెల్లిన్‌ని అడ్డుకునే ఎస్ఎల్ఆర్1 లాంటి ప్రొటీన్లు పోకుండా నిలబెడుతుంది, దాంతో సాగడం ఆగుతుంది, పిండిపదార్థం మిగులుతుంది. ఇదీ ఇఆర్ఎఫ్ ఏడో గ్రూపుదే, మొదట్లో అదే సిస్టీన్ ఉంది, అయినా పైన చెప్పిన పద్ధతిలో విరిగిపోదు, అందుకని ఈ రెండు కథల్నీ ఒకటిగా కలిపేయకు.

నీళ్ళు తీశాక పొలంలోకి దిగి చూసినవాళ్ళకి తేడా చెప్పక్కర్లేదు. సాగిన మొక్కలు పాలిపోయి, నిలబడే ఓపిక లేక బురదలో పడి ఆకులు నేలకి అతుక్కుపోయి ఉంటాయి. సబ్1 ఉన్నవి పొట్టిగా, బయటి ఆకులు కుళ్ళినా మొవ్వు పచ్చగా ఉంటాయి, కొన్నాళ్ళకి అక్కణ్ణించే మళ్ళీ ఆకులు, పిలకలు వస్తాయి. ఇంకొకటి, తడి పొలంలోనే ఆకు ఎండిపోతుంది, రైతులు ఇదేంటని అడుగుతారు. ఒక్కసారిగా ఎండా ఆక్సిజనూ తగిలి కణాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి, దెబ్బతిన్న వేళ్ళు నీళ్ళు సరిగ్గా లాగలేవు. ఈ ఎండుని తట్టుకోవడంలో కూడా సబ్1ఎ సాయపడుతుందని 2011లో తేలింది. అంటే వరద మీద వ్యాసం నీళ్ళు తీయగానే ముగించడానికి లేదు.

నువ్వు విదేశీ శాస్త్రవేత్తలు కనిపెట్టిన జన్యువు అని రాశావు, ఆ వాక్యం మార్చెయ్. అది వచ్చింది ఒడిశా రైతుల పాత వరిలోంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఎ అనే రకం నుంచి. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉందని 1996లో కెనాంగ్ షు, డేవిడ్ మెకిల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు, ఏ జన్యువో 2006లో వాళ్ళతో పాటు పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ తేల్చారు. తర్వాత దాన్ని ఎందులోకి ఎక్కించారో చూడు: స్వర్ణ, మన ఎంటీయూ 7029, పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టి 1982లో విడుదలైన రకం, ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా పాకింది. మామూలు సంకరణంతోనే, ప్రతి తరంలో సబ్1 ఉన్న మొక్కల్ని పట్టించే డీఎన్ఏ గుర్తులు (మార్కర్లు) చూసుకుంటూ చేశారు, జీఎం పంట కాదు, ఈ మాట స్పష్టంగా రాయి, జనం తప్పకుండా అడుగుతారు. ఆ పని మీద 2007లో వచ్చిన పేపర్‌లో మొదటి పేరు సి.ఎన్. నీరజ. స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది, బాపట్ల సాంబ మసూరికీ సబ్1 ఎక్కించారు. ఒడిశా పల్లెల్లో చేసి 2013లో ప్రచురించిన పరిశీలనలో, పదిరోజులు మునిగిన పొలంలో స్వర్ణ కంటే స్వర్ణ-సబ్1 దిగుబడి సుమారు 45 శాతం ఎక్కువొచ్చింది. పల్లపు భూములు ఎక్కువగా ఉన్నది అణగారిన కులాల వాళ్ళకి కాబట్టి లాభం కూడా వాళ్ళకే ఎక్కువ చేరుతుందని అందులోనే ఉంది. అణువుల గురించి రాసే వ్యాసంలో ఇదెందుకు అనుకోకు, ఈ అణువుల కథంతా ఎవరి చేలో జరుగుతోందో కూడా చెప్పాలి.

హద్దులు కూడా రాయి. నాట్లు వేశాక మొక్క ఎదిగే దశలో సబ్1 సుమారు రెండు వారాల ముంపుని తట్టుకోవడానికి పనికొస్తుంది. విత్తనం మొలకెత్తేటప్పుడు మునిగినా, పూత దశలో మునిగినా, మురుగు పోక మొక్క సగం దాకా నీళ్ళు నెలల తరబడి నిలిచినా దాన్ని నమ్ముకోలేం. గోదావరి జిల్లాల్లో చదివేవాళ్ళకి ఈ మూడోదే రోజూ చూసే బాధ, వాళ్ళకి లేని ఆశ కల్పించొద్దు.

రాయడానికి ముందు ఒక పని చెయ్యి. ఎక్కడైనా వరి ఆకు తెంపి బకెట్ నీళ్ళలో ముంచి చూడు, ఆకు మీద వెండి రంగు మెరుపు కనపడుతుంది. అది పల్చటి గాలి పొర, వరి ఆకుకున్న మైనం వల్ల నీళ్ళు అంటుకోక నిలుస్తుంది, మునిగిన కొద్ది రోజుల పాటు దాని గుండా వాయువులు లోపలికీ బయటికీ కాస్త తేలిగ్గా పోతాయి, తర్వాత అది పోతుంది. వేలితో గట్టిగా రుద్ది మళ్ళీ ముంచు, రుద్దిన చోట మెరుపు తగ్గుతుంది. దీన్ని నీ మాటల్లో రాయి, నా వాక్యాలు వాడొద్దు.

మొత్తం ఒకేసారి తిరగరాయకు. నీళ్ళు వచ్చిన దగ్గర్నించి ఇథిలీన్ రాగికి అతుక్కునే దాకా ఉన్న భాగం ఒక్కటే రాసి పంపు, అది కుదిరాక ఆక్సిజన్ భాగం చూద్దాం. మధ్యలో ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి, రాత్రి భోజనాలయ్యాక ఖాళీగానే ఉంటాను.

ఉంటాను,
అన్న