కొత్త పైథాన్ పెట్టినా పాతదే పలుకుతోంది!

ప్రశ్న: మా కంప్యూటర్లో ఉబుంటు 22.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), అందులో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.10 వెర్షన్ ఉన్నాయి. ప్రాజెక్టు కోసం 3.12ను సోర్సు నుంచి కంపైల్ చేసి పెట్టాను. కమాండ్ ఫైలు ఎక్కడుందో చెప్పే ‘విచ్’తో ‘విచ్ పైథాన్3’ అని అడిగితే ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్/పైథాన్3’ అని కొత్తదాన్నే చూపిస్తోంది. తీరా నడిపితే 3.10 వస్తోంది! వేరే టెర్మినల్ తెరిస్తే మాత్రం 3.12. నిజంగా నడుస్తున్న ఫైలు ఏదో తెలిసేదెలా?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీరు చేసిన పనిలో తప్పేమీ లేదమ్మా. ఇదే తికమకలో నేనొకసారి రాత్రి రెండింటి దాకా కూర్చుని మూడుసార్లు కంపైల్ చేశాను. తప్పల్లా అడగకూడని వాళ్లను అడగడమే.

మీరు టెర్మినల్‌లో కమాండ్ కొడితే దాన్ని అందుకుని, దాని ఫైలును వెతికి నడిపే ప్రోగ్రామే షెల్. మీ షెల్ పేరు బాష్. ‘పాత్’ అనే జాబితాలోని ఫోల్డర్లను వరసగా చూసి, మొదట దొరికినదాన్ని నడుపుతుంది. ఉబుంటులో ‘/యూఎస్ఆర్/లోకల్/బిన్’ ముందు, ‘/యూఎస్ఆర్/బిన్’ తరువాత. ఒకసారి దొరికిన చోటును బాష్ గుర్తుపెట్టుకుని, మళ్లీ వెతికే శ్రమ పడదు. కొత్తది పెట్టకముందు అదే కిటికీలో మీరు పైథాన్‌ను ఒకసారైనా నడిపి ఉంటారు. ఆ పాత చిరునామాకే బాష్ ఇంకా వెళ్తోంది. కొత్త టెర్మినల్‌లోని బాష్‌కు ఆ జ్ఞాపకం లేదు కాబట్టే అక్కడ 3.12 వస్తోంది. ‘విచ్’ బయటి ప్రోగ్రాము. జాబితాను తనకు తానుగా వెతుక్కుంటుంది తప్ప, బాష్ మనసులో ఏముందో దానికేం తెలుసు?

కాబట్టి బాష్‌నే అడగండి: ‘టైప్ పైథాన్3’. (కమాండ్ పేరే టైప్, ఈ పేరు పెట్టిన మహానుభావుడికి దండం.) ‘హ్యాష్డ్’ (అంటే గుర్తుపెట్టుకున్నది) అంటూ బ్రాకెట్లో ‘/యూఎస్ఆర్/బిన్/పైథాన్3’ కనిపిస్తే దొంగ దొరికినట్లే. ‘హ్యాష్ -ఆర్’ కొట్టండి, పాత జ్ఞాపకాలన్నీ చెరిగిపోతాయి. ‘టైప్ -ఎ పైథాన్3’ అంటే జాబితాలో ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ వరసగా చెబుతుంది.

ఇంకో లాభం: ‘టైప్ సీడీ’ అంటే అది ఫైలు కాదు, షెల్‌లోనే ఉన్న కమాండ్ అని తేలుతుంది. ‘విచ్ సీడీ’ అంటే మౌనమే సమాధానం.

చిరాకుతో ‘/యూఎస్ఆర్/బిన్’లోని 3.10ను మాత్రం తీసేయకండి. ఉబుంటు సొంత పనిముట్లు చాలా వరకు దాని మీదే నడుస్తాయి.