ఫ్యూజు మాత్రం పెద్దది వేయకు

అమ్మలూ,

పొగమంచు రోజులు మొదలయ్యేలోపు కారుకి ఫాగ్ లైట్లు నువ్వే బిగించుకుంటావట. కొత్త వైర్లు లాగే పని లేకుండా, కారులో ఉన్న వైరింగ్‌తోనే కానిచ్చేస్తావట. అక్క చెప్పింది. వినగానే గర్వంగానే అనిపించింది. చిన్నప్పుడు ఇంట్లో ఒక్క టార్చిలైటునీ బతకనివ్వని చేతులు కదా అవి! కానీ ఆ "ఉన్న వైరింగ్‌తోనే" దగ్గర గుండె ఝల్లుమంది.

కంపెనీ వాళ్లే ఫాగ్ లైట్ల కోసం వైరు వేసి వదిలేసిన కార్లు కొన్ని ఉంటాయి. ఖరీదైన మోడల్‌కీ తక్కువ మోడల్‌కీ ఒకే వైరింగ్ కట్ట వాడి, దీపాలూ స్విచ్చూ మాత్రం ఇవ్వరు. నీది అలాంటిదైతే దిగులు లేదు. అలాంటిది కాకపోతే "ఉన్న వైరింగ్" అంటే హెడ్‌లైటు వైరుని గీకి, దానికి ఇంకో రెండు దీపాలు తగిలించడమే. అది చేస్తే నీతో మాట్లాడను.

నీది ఏదో ముందు తేల్చుకో. ఫ్యూజు బాక్స్ మూత వెనకున్న బొమ్మలో ఫాగ్ గడి ఎక్కడుందో చూసి, ఆ గడిలోకి టార్చి వేసి చూడు. లోపల ఇత్తడి నాలుకలు మెరిస్తే వైరు ఉన్నట్టు. ఉత్త ప్లాస్టిక్ గుంటే కనిపిస్తే అక్కడికి వైరే రాలేదు. రిలే (చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) గడి కూడా ఇలాగే చూడు. తర్వాత బంపర్ వెనక వెతకాలి. ఎడమ దీపం చోటు చూడాలంటే స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పు, చక్రం ముందు భాగం లోపలికి వెళ్లి చెయ్యి పట్టేంత సందు ఇస్తుంది. చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు మూడు నాలుగు ఊడదీస్తే చాలు. వైరింగ్ కట్టకే వెనక్కి మడిచి టేపు చుట్టిన రెండు పిన్నుల కప్లర్, అంటే దీపానికి తగిలించే ప్లగ్గు, ఉందేమో తడిమి చూడు. ఈ పనికి కారుని జాకీ మీద లేపక్కర్లేదు. లేపినా ఒట్టి జాకీ నమ్ముకుని కిందకి దూరకు, స్టాండ్లు పెట్టు.

కప్లర్ దొరికిందని మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా, అందుకే లోపల నాలుగు పోగులే మిగిలిన వైరైనా, చిలుం పట్టిన పిన్నైనా 12 చూపిస్తుంది. లోడు ఇచ్చి చూడాలి. అసలు బల్బు తగిలించి, వెలుగుతుండగా కప్లర్ దగ్గర వోల్టేజీ కొలువు, వెంటనే బ్యాటరీ దగ్గర కొలువు. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వైరు గానీ, పిన్ను గానీ, ఎర్తు (కారు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి వెళ్లే దారి) గానీ తినేస్తోందన్నమాట. హాలోజెన్ బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. "కొత్త లైట్లు గుడ్డిగా ఉన్నాయి" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

కంపెనీ వైరు ఉన్నా అది ఎన్ని వాట్లకి వేసిందో పుస్తకంలో చూడు. బల్బు రకాల్లో హెచ్8 అంటే 35 వాట్లు, హెచ్11 అంటే 55, హెచ్16 అంటే 19. హెచ్8, హెచ్11 బల్బుల అడుగు ఇంచుమించు ఒకటే, చిన్న పంటి దగ్గరే తేడా. ఆ పన్ను ఆకురాయితో అరగదీసి 35 వాట్ల చోట 55 దూర్చేవాళ్లున్నారు. వైరు ఓర్చుకున్నా దీపం ప్లాస్టిక్ ఓర్చుకోదు. ఇంకో సంగతి: కొత్త కార్లలో స్విచ్చు నేరుగా రిలేని కదపదు, బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి, అంటే దీపాల్లాంటివి నడిపే చిన్న కంప్యూటరుకి, కబురు పంపుతుంది. ఈ కారుకి ఫాగ్ లైట్లు ఉన్నాయని ఆ మాడ్యూల్‌కి స్కానర్‌తో చెప్పించేదాకా అన్నీ సరిగ్గా బిగించినా దీపం వెలగకపోవచ్చు. స్విచ్చు కొనకముందే ఈ సంగతి కనుక్కో, తర్వాత కాదు.

ఇక నా అసలు భయం. కప్లర్ దొరకలేదనుకో. "హెడ్‌లైటు వైరు పక్కనే ఉంది కదా, దాంట్లోంచి తీసుకుంటే పోలా" అని ఎవరో ఒకరు అంటారు. లెక్క చూడు. లో బీమ్ బల్బు 55 వాట్లు, అంటే సుమారు 4.6 ఆంపియర్లు. చాలా కార్లలో ఒక్కో వైపు హెడ్‌లైటుకి 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. దానికి ఇంకో 55 వాట్ల దీపం కలిపితే 9.2. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14 దగ్గరుంటుంది కాబట్టి నిజానికి 10కి అటూ ఇటూ. సరిగ్గా అంచు మీద. మోసం ఇక్కడే మొదలవుతుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు 10 దాటగానే టప్పున పోతుందని అందరూ అనుకుంటారు, పోదు. 11 దగ్గర గంటలకొద్దీ నిలుస్తుంది. 13.5 దగ్గర కూడా పది నిమిషాల దాకా ఆగగలదు. అందుకే ఇంటి ముందు రెండు నిమిషాలు వెలిగించి చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. దారిలో, ఇంజను వేడికి ఫ్యూజు బాక్స్ కూడా వేడెక్కాక, అదీ పొగమంచులో, ఫ్యూజు పోతుంది. ఫాగ్ లైటుతో పాటు ఆ వైపు హెడ్‌లైటూ ఆరిపోతుంది. రెండు ఫాగ్ లైట్లూ ఒకే వైపు తగిలించి ఉంటే 13 దాటి లాగుతున్నట్టే, ఇంకా త్వరగా పోతుంది.

సరే, ఫ్యూజు పోయింది. మార్చారు, మళ్లీ పోయింది. మూడోసారి ఎవడో మహానుభావుడు ఎర్రది తీసి ఆకుపచ్చది పెడతాడు, అంటే 10 చోట 30. ఆ తర్వాత అది ఎన్నడూ పోదు. రోగం కుదిరిందనుకుంటారు. తలుపు బాదుతుంటే చెవుల్లో దూది పెట్టుకోవడం అది. ఫ్యూజు ఉన్నది బల్బుని కాపాడటానికి కాదు తల్లీ, వైరుని కాపాడటానికి. వైరు మందం చూసి ఫ్యూజు నిర్ణయిస్తారు. సన్నటి వైరుకి 30 వేస్తే ఇక అన్నిటికంటే ముందు కాలేది ఆ వైరే.

అదీ ఒక్కరోజులో జరగదు. వైరు కట్ట మధ్యలో, గాలి ఆడనిచోట, రోజూ కొంచెం వేడెక్కుతుంది. తొడుగు గట్టిపడి పెళుసవుతుంది. బంపర్ లోపల రేకు అంచుకి రాసుకునే చోట ఒకనాడు తొడుగు చీలి రాగి బాడీకి తగులుతుంది. నేరుగా, గట్టిగా తగిలితే 30 ఆంపియర్ల ఫ్యూజు కూడా పోతుంది, నయమే. కానీ ఎక్కువసార్లు అలా తగలదు. తుప్పు మీదో తడి మీదో సగం సగం తగులుతుంది. 25 ఆంపియర్లు లాగుతుందనుకో, 30 ఫ్యూజు కదలదు మెదలదు. 12 వోల్టుల మీద 25 ఆంపియర్లంటే 300 వాట్లు. ఆ వేడి ఒకచోట ప్లాస్టిక్, నూనె మరకలు, రబ్బరు మధ్య పుడుతోంది. అదే చోట 10 ఫ్యూజు ఉంటే కాసేపట్లోనే చేతులెత్తేసేది, నువ్వు విసుక్కునేదానివి, అంతే. నువ్వు విసుక్కుంటే నాకు పర్వాలేదు.

కాబట్టి కప్లర్ లేని కారులో పాత వైరు చేత చేయించాల్సింది రిలేకి సైగ మాత్రమే. బరువు కొత్త వైరే మోయాలి. నువ్వు తప్పించుకోవాలనుకున్న వైరు మహా అయితే కొన్ని మీటర్లు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరు పెట్టు. దూరంగా పెడితే ఆ మధ్య ముక్కకి కాపలా ఉండదు. అక్కణ్ణుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే మీద 30 అని రాసిన పిన్నుకి. కింద చెప్పే 87, 85, 86 కూడా అలాంటి పిన్నుల అంకెలే. రిలే 87 నుంచి రెండు దీపాలకీ చెరొక 1.5 వైరు. 85 ఎర్తుకి. 86కి స్విచ్చు మీదుగా పార్కింగ్ లైటు వైరు నుంచి సైగ. రిలే లోపలి తీగచుట్ట లాగేది ఆంపియరులో అయిదో వంతు, దాన్ని పాత వైరు మోసినట్టే ఉండదు. అయినా ఆ సైగ తీసుకున్న చోట 3 ఆంపియర్ల చిన్న ఫ్యూజు పెట్టు. లోపల డయోడు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకు.

అయిదు పిన్నుల రిలే కొంటే మధ్య పిన్ను మీద ఏముందో చదువు. 87ఎ అని ఉంటే, రిలే ఆగి ఉన్నప్పుడు కరెంటు దాంట్లోకే వెళుతుంది. దానికి దీపం తగిలిస్తే కారు ఆపాక వెలుగుతుంది, పొద్దున్నకి బ్యాటరీ చచ్చి ఉంటుంది. పార్కింగ్ లైటుని మాడ్యూల్ నడిపే కార్లలో కరెంటు తునకలు తునకలుగా వస్తుంది కాబట్టి రిలే గరగరమనొచ్చు. అలా అంటే సైగని ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజు గడి నుంచి తీసుకో.

రిలే ఎందుకు, మంచి స్విచ్చు చాలదా అని అడుగుతావు, నాకు తెలుసు. చల్లటి ఫిలమెంటు నిరోధం వేడిదానిలో పదో వంతు. వెలిగించిన క్షణంలో కరెంటు ఎన్నో రెట్లు ఎగురుతుంది, డాష్‌బోర్డు స్విచ్చు కాంటాక్టులు దానికే మాడతాయి.

వైరు గీకకుండా నొక్కి బిగించే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు అమ్ముతారు, ఇంజను దగ్గర వాడకు. అవి లోపలి పోగులు కోస్తాయి, నీళ్లు దిగితే పచ్చగా చిలుం పడుతుంది. వైర్లని క్రింప్ చేసి, అంటే లోహపు గొట్టంలో పెట్టి పట్టకారుతో నొక్కి, వేడికి ముడుచుకునే జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడుగు. ఎర్తు లగ్గు (వైరు చివరి రింగు) కింద పెయింటు గీకి మెరిసే రేకు కనిపించాకే బోల్టు బిగించు, మీద కాస్త గ్రీజు రాయి. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీటరు కూడా తగిలించకు. నారింజ రంగువి హైబ్రిడ్ కార్లలో హై వోల్టేజీవి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగు, చివర్లో అదే ఆఖరున పెట్టు. హాలోజెన్ బల్బు గాజుకి వేలు తగలనీయకు.

హాలోజెన్ దీపంలో ఎల్ఈడీ బల్బు దూర్చవద్దు. కరెంటు తక్కువే, వైరుకి సుఖమే, కానీ రిఫ్లెక్టరు ఆ ఫిలమెంటు ఉన్న చోటు లెక్కతో చేసింది. వెలుగు పైకి చిమ్మి మంచుకి తగిలి నీ కళ్లలోకే వస్తుంది. ఎల్ఈడీయే కావాలంటే దీపం మొత్తం ఎల్ఈడీది కొనుక్కో. పసుపా తెలుపా అనేది నీ ఇష్టం. మంచు బిందువులు కాంతి తరంగం కంటే చాలా పెద్దవి, అవి రంగు చూసి దారివ్వవు. పసుపులో నీలం తక్కువ కాబట్టి కొందరి కళ్లకి హాయిగా ఉంటుంది, అంతవరకే.

దీపాలు ఎటు చూస్తున్నాయో సరిచేయడం మాత్రం మానకు. చదునైన నేల మీద గోడకి ఏడున్నర మీటర్ల దూరంలో కారు ఆపు. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి. వెలుతురు పై అంచు గోడ మీద దీపం మధ్యభాగం ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందకి పడాలి. అప్పుడు దీపం దగ్గరి రోడ్డునీ అంచులనీ చూపిస్తుంది, దూరం చూపించదు. దూరం కనిపిస్తోందని వేగం పెంచావని తెలిస్తే వచ్చి నేనే ఊడదీస్తాను.

అయ్యాక ఇంజను నడుపుతూ అరగంట వెలిగించి ఉంచు. రెండు నిమిషాలు కాదు. ఆపి ఫ్యూజు హోల్డరునీ, రిలేనీ, ప్రతి కప్లర్‌నీ చేత్తో తాకు. గోరువెచ్చన ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్నచోట లూజు కాంటాక్టు ఉంది, మళ్లీ విప్పి క్రింప్ చెయ్యి. ఆ తర్వాత ఫ్యూజు హోల్డరు ఫోటో నాకు పంపు. మూత తీసి, ఫ్యూజు రంగు కనిపించేలా. 15 ఆంపియర్లది నీలంగా ఉంటుంది. పసుపో ఆకుపచ్చో కనిపించిందంటే ఆ రోజే ఫోన్ చేస్తాను.

మామయ్య