విటమిన్ సి ని మిరపకాయల్లోంచి తీసిన శాస్త్రవేత్త ఎవరు? ఆ కథ నిజమేనా?

నిజమే. ఆయన పేరు ఆల్బర్ట్ సెంట్ జోర్జి. 1893లో బుడాపెస్ట్‌లో పుట్టిన హంగరీ దేశస్థుడు. డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఈ కథ ఏటా క్లాసులో వస్తూనే ఉంటుంది. అయితే అందరూ మిరపకాయ దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఆయన చేసిన గొప్ప పని అది కాదు.

అసలు ఆయన విటమిన్ కోసం వెతకలేదు. మన ఒంట్లో కణాలు ఆహారాన్ని ఎలా 'మండించి' శక్తి తీసుకుంటాయన్నదే ఆయన ప్రశ్న. 1920ల్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఉన్నప్పుడు, కోసిన బంగాళదుంప గాలి తగలగానే ఎందుకు నల్లబడుతుంది, నిమ్మజాతి పండ్లు ఎందుకు నల్లబడవు అని పట్టుకుని కూర్చున్నాడు. అలా నల్లబడనివ్వని పదార్థమేదో ఆ పండ్లలోనూ, పశువుల అడ్రినల్ గ్రంథుల్లోనూ (మూత్రపిండాల పైన ఉండేవి) ఉందని అర్థమైంది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో బయోకెమిస్ట్ హాప్‌కిన్స్ ల్యాబ్‌లో దాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. అదేమిటో తెలియదు కాబట్టి ముందు 'ఇగ్నోస్' అని పేరు పెట్టాడు. అంటే, తెలియని చక్కెర! జర్నల్ ఎడిటర్ ఒప్పుకోకపోతే 'గాడ్‌నోస్' (దేవుడికే తెలుసు) అన్నాడు. ఎడిటర్‌కి ఇంకా ఒళ్లు మండింది. చివరికి 1928లో 'హెక్సురోనిక్ యాసిడ్' అనే బుద్ధిమంతుడి పేరుతో పేపర్ అచ్చయింది.

ఇక్కడ పని ఆగిపోయింది, సరుకు లేక. అమెరికా వెళ్లి కబేళాల నుంచి గ్రంథులు తెప్పించుకుని, చాకిరీ అంతా చేస్తే చేతికొచ్చింది 25 గ్రాములు. అందులో కొంత బర్మింగ్‌హామ్‌లో హావర్త్ అనే కెమిస్ట్‌కి పంపాడు. అణువు నిర్మాణం తేల్చడానికి అది సరిపోలేదు.

తర్వాత హంగరీలోని సెగెద్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడికి స్విర్‌బెలీ అనే కుర్రాడు వచ్చాడు. పిట్స్‌బర్గ్‌లో చార్లెస్ గ్లెన్ కింగ్ దగ్గర విటమిన్ సి మీద పనిచేసి వచ్చినవాడు, గినీ పందులకి స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) రప్పించి పరీక్షించడం తెలిసినవాడు. సెంట్ జోర్జి తన దగ్గరున్న స్ఫటికాలిచ్చి చూడమన్నాడు. అవి తిన్న గినీ పందులకి స్కర్వీ రాలేదు. హెక్సురోనిక్ యాసిడే విటమిన్ సి అని తేలింది. అయితే 1932 ఏప్రిల్‌లో కింగ్ పేపర్ వీళ్ల పేపర్ కంటే రెండు వారాల ముందు వచ్చేసింది. ఎవరు ముందు అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. నా ఓటు సెంట్ జోర్జికే, ఎందుకంటే ఆ పదార్థాన్ని ముందు విడదీసింది ఆయనే. కింగ్ కూడా సొంతంగా, నిమ్మరసం నుంచే అక్కడికి చేరాడనేది కూడా మర్చిపోకూడదు.

ఇక మిరపకాయ. సెగెద్ చుట్టుపక్కలంతా పాప్రికా పంట. ఒక రాత్రి భార్య భోజనంలో పండు పాప్రికా వడ్డిస్తే, తినాలనిపించక, 'దీన్నెప్పుడూ పరీక్షించలేదే' అని ల్యాబ్‌కి పట్టుకుపోయానని ఆయనే రాసుకున్నాడు. అందులో విటమిన్ సి దండిగా ఉందని అర్ధరాత్రికల్లా తేలిపోయింది. కొన్ని వారాల్లో గ్రాముల్లో కాదు, కిలోల లెక్కన స్వచ్ఛమైన విటమిన్ చేతికొచ్చింది. దాన్ని అడిగినవాళ్లందరికీ పంపాడు.

మా ల్యాబ్‌లో పిల్లల చేత మిరపలో విటమిన్ సి కొలిచే పరీక్ష చేయిస్తాను. పాప్రికా, మన మిరప ఒకే జాతి కాబట్టి పండుమిర్చి తెమ్మంటాను. ఆక్సాలిక్ యాసిడ్ పోసి నూరి, వడకట్టి, నీలం డైతో టైట్రేట్ చేయాలి, అంటే డై చుక్కచుక్కగా పోస్తూ కొలవాలి. విటమిన్ సి ఆ డై రంగు పోగొడుతుంది, కాబట్టి ఎంత డై ఖర్చయితే అంత విటమిన్ ఉన్నట్టు. ఎర్రటి కాయ కదా, రంగు ఎలా కనిపిస్తుంది సార్ అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. మిర్చి ఎరుపు నీళ్లలో కరగదు, వడకట్టాక లేత పసుపు నీళ్లే మిగులుతాయి. నిమ్మరసం కంటే పండుమిర్చికే ఎక్కువ డై ఖర్చవడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఉసిరి రెండింటినీ మించిపోతుంది, అది వేరే సంగతి. ఎండుమిర్చితో చేస్తే మాత్రం నిరాశే, ఎండలో విటమిన్ చాలావరకు పోతుంది.

మనిషి కూడా మామూలువాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉండి, ఆ చావులు చూడలేక తన చేతిని తానే కాల్చుకుని, గాయపడ్డానని చెప్పి ఇంటికొచ్చి వైద్యం చదువు పూర్తి చేశాడు. నోబెల్ పతకాన్ని రష్యాతో యుద్ధంలో ఉన్న ఫిన్లాండ్‌కి ఇచ్చేశాడు. 1943లో లెక్చర్ ఇవ్వడానికన్న వంకతో ఇస్తాంబుల్ వెళ్లి, హంగరీ ప్రధాని తరఫున మిత్రరాజ్యాలతో రహస్యంగా మాట్లాడాడు. హిట్లర్‌కి తెలిసిపోయింది. యుద్ధం ముగిసేదాకా దాక్కునే బతికాడు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ యుద్ధం రోజుల్లోనే సెగెద్‌లో జరిగిన కండరాల పని. కండరంలో మయోసిన్ అనే ప్రొటీన్‌తో పాటు యాక్టిన్ అనే ఇంకో ప్రొటీన్ ఉందని ఆయన ల్యాబ్‌లో స్ట్రౌబ్ కనిపెట్టాడు. రెండూ కలిసిన దారాలు తయారుచేసి కణాలకి శక్తినందించే ఏటీపీ అనే పదార్థం చుక్క వేస్తే అవి ముడుచుకున్నాయి. ప్రాణం లేని గాజుపాత్రలో కదలిక! తన జీవితంలో అంతగా ఉద్వేగపడిన క్షణం బహుశా ఇంకోటి లేదని ఆయన చెప్పుకున్నాడు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు (అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా). నేను పీజీలో ఉండగా గ్లిజరిన్‌లో నానబెట్టిన కండరం పోగు మీద ఈ ప్రయోగం చేసి చూపించారు. ఆ పద్ధతీ సెంట్ జోర్జిదే. మైక్రోస్కోప్ కింద పోగు పొట్టిగా అయిపోవడం చూశాకే నేను ఈ సబ్జెక్టులో ఉండిపోయాను.

1947లో అమెరికా వెళ్లిపోయి, అక్కడి వుడ్స్ హోల్ అనే ఊళ్లో 1986లో చనిపోయేదాకా పనిచేస్తూనే ఉన్నాడు. చివరి దశాబ్దాల్లో క్యాన్సర్ మీద ఆయన చెప్పిన సిద్ధాంతాలు పెద్దగా నిలబడలేదు.

పోటీ పరీక్షల కోసం అడుగుతుంటే ఒకటి గుర్తుంచుకోండి. 1937లో వైద్య నోబెల్ సెంట్ జోర్జికి వస్తే, అదే ఏడు కెమిస్ట్రీ నోబెల్‌లో సగం విటమిన్ సి నిర్మాణం తేల్చిన హావర్త్‌కి వచ్చింది. ఆప్షన్లలో రెండు పేర్లూ కనిపిస్తే ప్రశ్న మళ్లీ ఒకసారి చదవండి.