ఇంప్లాంట్ చుట్టూ చిగురు మందం పెంచే విషయమై

చిరంజీవి శిష్యురాలికి ఆశీస్సులు.

పై పలువరుస ముందుభాగంలో పెట్టిన ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) రెండో దశకు, అంటే దాన్ని కప్పిన చిగురును తెరిచే దశకు వచ్చిందనీ, బయటివైపు చిగురు పలచబడి కొద్దిగా గుంటపడిందనీ, అంగిలి నుంచి గ్రాఫ్ట్ (అతికించే కండముక్క) తీయడానికి రోగి ఒప్పుకోవడం లేదనీ రాశావు. ఆమె భయం అర్థం లేనిది కాదు. అంగిలి పుండు మానేదాకా అన్నం తినడమే కష్టం. పైగా అక్కడి ధమనికి గాటు పడితే రక్తం ఆపడం తేలిక కాదు.

ముందు మందం కొలువు. మత్తు ఇచ్చాక, రబ్బరు స్టాపర్ తొడిగిన సన్నని ఎండో ఫైలును (పంటి వేరు కాలువలు శుభ్రంచేసే సూదిలాంటి పనిముట్టును) గట్టిగా తగిలేదాకా నెమ్మదిగా గుచ్చితే తెలిసిపోతుంది. 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే పెంచడమే మంచిది.

కవర్ స్క్రూ (ఇంప్లాంట్ పైభాగాన్ని మూసే మర) మీది చిగురును పంచ్‌తో గుండ్రంగా కోసి పారేయడం చాలామందికి అలవాటు. నీకు కావలసిన కండ అదే. దాని పైపొరను డైమండ్ బర్‌తో గీకేసి, పక్క పళ్ల పాపిల్లాలను (పళ్ల సందుల్లోని చిగురు మొనలను) ముట్టకుండా మూడు వైపులా కోసి, బయటివైపు అంటుకునే ఉంచి, అటు చిన్న సంచిలాంటి చోటు చేసి, ఆ ముక్కను చుట్టి లోపలికి తోసి కుట్టు వేయి. పళ్లు లేని చోట పడిన గుంటలను పూడ్చడానికి 1980లో ఏబ్రమ్స్ వివరించిన రోల్ పద్ధతే ఇది. రక్తప్రసరణ తెగదు, రెండో గాయం ఉండదు. అయితే పూడేది చిన్న లోటే.

లోటు అంతకు మించితే కొలాజెన్ మ్యాట్రిక్స్ (జంతువుల కొలాజెన్‌తో చేసిన స్పాంజిలాంటి పొర) వాడవచ్చు. సొంత కండతో వచ్చినంత మందం సాధారణంగా రాదు కానీ నొప్పి తక్కువ, సమయం కలిసివస్తుంది. ఫ్లాప్ (కోసి లేపిన చిగురు పొర) లాగినట్టు కాకుండా ఆ మ్యాట్రిక్స్‌ను పూర్తిగా కప్పాలి. వీటిలో చాలావరకు పంది నుంచి తీసినవే కనుక, ఆ మాట రోగికి ముందే చెప్పి సమ్మతి తీసుకో.

పీఆర్ఎఫ్ (రోగి రక్తం నుంచే తయారుచేసే ఫైబ్రిన్ పొర) గాయం మానడానికి తోడ్పడుతుంది. నిలిచే మందం కోసం దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చిగురును నింపడానికి ఇచ్చే హైలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ల మీద నాకింకా గురి కుదరలేదు.

తాత్కాలిక క్రౌన్‌ను బయటివైపు ఉబ్బెత్తుగా చేయించకు. పెంచిన చిగురును అదే నొక్కేస్తుంది. శాశ్వత క్రౌన్ కొలత రెండు మూడు నెలలు ఆగి తీసుకో. అప్పటికీ మందం చాలకపోతే, అంగిలికి బదులు పై చివరి దవడపన్ను వెనక ట్యూబరాసిటీ అనే ఉబ్బు నుంచి చిన్న కండముక్క తీయవచ్చని ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచు. కొలతలు, ఫొటోలు పంపు, చూస్తాను.