పడిన తర్వాత మళ్ళీ బండి ఎక్కాలంటే భయంగా ఉందా? ముందు చేతికి బ్రేక్ నేర్పండి

ప్రశ్న: నాగోల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ బైక్ మీద వెళ్ళేవాణ్ణి. రాంగ్ రూట్‌లో వచ్చిన బండి వల్ల పడ్డాను. గాయాలు మానాయి కానీ బండి తీయాలంటే చేతులు వణుకుతున్నాయి. ఇంట్లోవాళ్ళు అమ్మేయమంటున్నారు. మీలో ఎవరైనా ఇలా పడి ఉంటే ఎలా బయటపడ్డారు? ఏం మార్చుకున్నారు?

జవాబు:

ముందు ఆ వణుకు సంగతి. దాన్ని పిరికితనం అనుకోకండి. దెబ్బ తిన్న ఒళ్ళు ఆ దెబ్బను గుర్తు పెట్టుకుంది, అంతే. "నాలుగు రోజులు నడిపితే అదే పోతుంది" అని అందరూ చెబుతారు. నా విషయంలో అలా పోలేదు. ట్రాఫిక్‌లో నడిపిన కొద్దీ భయం ఇంకా పెరిగింది. తగ్గడం మొదలైంది ఎప్పుడంటే, ట్రాఫిక్ జోలికి పోకుండా ఖాళీ రోడ్డు మీద బ్రేక్ వేయడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నప్పుడు. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం బ్రేక్ గురించే ఉంటుంది.

నేను పడింది హబ్సిగూడ దగ్గర, మెట్రో పిల్లర్ల పక్కన, చీకటి పడే వేళ. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఒక స్కూటీ రాంగ్ రూట్‌లో అడ్డంగా వచ్చింది. నేను పెద్ద వేగంలో కూడా లేను. అలాంటి క్షణంలో మనిషి ఆలోచించడు, చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది. ముందు చక్రం తిరగడం ఆగిపోయింది, బండి కుడివైపుకి జారింది, నేను భుజం మీద పడ్డాను. చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేని పాత బండి. కాలర్ బోన్ విరిగింది. స్కూటీ అతను ఆగలేదు.

తప్పు అతనిదే, ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ మన రోడ్ల మీద అలాంటివాడు ఈ సాయంత్రం కూడా ఎక్కడో ఒకచోట వస్తాడు. వాడిని నేను మార్చలేను. వాడు ఎదురైనప్పుడు నా చెయ్యి ఏం చేస్తుందన్నది మాత్రం నా చేతిలో పని.

మనలో చాలామందికి బండి నేర్పింది అన్నయ్యో బాబాయో. "ముందు బ్రేక్ ముట్టుకోకురా, పల్టీ కొడతావ్" అని చెప్పే నేర్పారు. దాంతో ఏళ్ళ తరబడి కాలి బ్రేక్ మీదే నడుపుతాం. కానీ బ్రేక్ వేసినప్పుడు బండి బరువు చాలావరకు ముందుకు వస్తుంది. ముందు టైరుకు రోడ్డు మీద పట్టు పెరుగుతుంది, వెనక టైరు తేలికైపోతుంది. అంటే నిజంగా బండిని ఆపే శక్తి ముందు బ్రేక్‌లోనే ఎక్కువ. ప్రమాదం ముందు బ్రేక్ వాడటంలో లేదు, బరువు ముందుకు వచ్చేలోపే ఒక్కసారిగా లాగేయడంలో ఉంది. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, బరువు ముందుకొచ్చిందని తెలిశాక గట్టిగా. వెనక బ్రేక్ దానికి తోడు మాత్రమే.

చదివితే ఇది అర్థమైపోతుంది. చేతికి మాత్రం ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది. ఘట్‌కేసర్ వైపు కొత్త వెంచర్లలో తారు రోడ్లు వేసి, ఇళ్ళు లేక ఖాళీగా పడి ఉంటాయి. ఆదివారం తెల్లారగానే అలాంటి చోటికి ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుని వెళ్ళేవాణ్ణి. రోడ్డు మీద ముగ్గుపిండితో గీత గీసి, ముందు ఇరవై వేగంలో వచ్చి గీత దగ్గర బ్రేక్. చెయ్యి కుదుటపడ్డాక ముప్ఫై. ఆ తర్వాతే నలభై. బండి నిటారుగా ఉండాలి, హ్యాండిల్ తిన్నగా ఉండాలి, చూపు దూరంగా ఉండాలి. చూపు గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. కళ్ళు ఎటు చూస్తే బండి అటే పోతుంది. గుంతను చూస్తూ ఉంటే గుంతలోకే దిగుతాం. పక్కనున్న దారిని చూస్తే ఆ దారిలోంచి బయటపడతాం. ఇది కూడా ఆ ఖాళీ రోడ్డు మీదే, ఒక పాత టైరు అడ్డంగా పెట్టుకుని సాధన చేశాను. మొదటి వారాల్లో చేతులు వణికాయి. తర్వాత తర్వాత చెయ్యి బిగుసుకోవడం మానేసింది.

మీ బండిలో ఏముందో కూడా చూసుకోండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ పైబడిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఆ లోపు బండ్లకు, అంటే మన ఇళ్ళల్లో ఉండే చాలా స్కూటీలకు, సీబీఎస్ ఉంటే చాలన్నారు. ఈ రెండూ ఒకటి కావు. సీబీఎస్‌లో ఒక బ్రేక్ నొక్కితే రెండో చక్రానికి కూడా కొంత బ్రేక్ పడుతుంది, అంతవరకే. చక్రం లాక్ కాకుండా ఆపేది ఏబీఎస్. సీబీఎస్ స్టిక్కర్ చూసి "మా బండికి కూడా ఏబీఎస్ ఉంది" అని ధీమాగా ఉండేవాళ్ళను చాలామందిని చూశాను. ఏబీఎస్ ఉన్న బండ్లలోనూ కొన్నిటికి అది ముందు చక్రానికే ఉంటుంది.

ఇక వేగం. గంటకు అరవైలో ఉంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం, నలభైలో 11 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని చూసి చెయ్యి బ్రేక్ మీదకు వెళ్ళడానికి ఒక సెకను పట్టిందనుకోండి, ఆ దూరమంతా బ్రేక్ పడకముందే అయిపోతుంది. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం కూడా వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఈ లెక్క తెలిశాక నేను చేసిన మార్పు చాలా చిన్నది. ఆగి ఉన్న బస్సు పక్కన, యూటర్న్ దగ్గర, డివైడర్ తెగి ఉన్న చోట, రెండు వేళ్ళు ముందే బ్రేక్ లివర్ మీద పెట్టుకుంటాను. ఆ సెకనులో కొంతైనా మిగులుతుంది. మెట్రో పిల్లర్ల మధ్య నుంచి మనుషులు హఠాత్తుగా రోడ్డు మీదకు దిగుతారు కాబట్టి కుడి చివర లైనులో పిల్లర్లకు ఆనుకుని వెళ్ళడం కూడా మానేశాను.

రోడ్డు గురించి ఒకటి. వేసవి తర్వాత పడే తొలి వాన నాకు పెద్ద వానకన్నా భయం. ఇన్నాళ్ళూ రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ మొదటి చినుకులకు తేలి జారుడుగా మారతాయి. గట్టిగా కురిస్తే కొంత కొట్టుకుపోతుంది. అందుకే తొలి చినుకులకు కాసేపు ఏదైనా షెడ్డు కింద ఆగిపోతాను. తడిసిన జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు ఎప్పుడూ జారుడే. కట్టడాలు జరిగే కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు అయితే టిప్పర్ల నుంచి రాలిన ఇసుక. 2021 సెప్టెంబరులో హీరో సాయి ధరమ్ తేజ్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక జారి పడింది రోడ్డు మీది ఇసుక మీదే. హెల్మెట్ ఉండబట్టి బతికారని అప్పుడు పోలీసులే చెప్పారు.

హెల్మెట్ మాటకొస్తే, మోచేతికి తగిలించుకుని చెక్‌పోస్ట్ కనిపించగానే నెత్తిన పెట్టుకునే అలవాటు చూస్తే నాకు కోపం కాదు, బాధ వేస్తుంది. బకిల్ పెట్టుకోని హెల్మెట్ కూడా అంతే, మనం నేలను తాకేలోపే ఊడి పక్కన పడుతుంది. నా హెల్మెట్ గడ్డం దగ్గర లోతుగా గీసుకుపోయింది. సగం హెల్మెట్ అయ్యుంటే ఆ గీత నా దవడ మీద పడేది. ఐఎస్ఐ గుర్తు లేనివి అమ్మడం 2021 జూన్ నుంచి చట్టవిరుద్ధం, అయినా ఫుట్‌పాత్ మీద దొరుకుతూనే ఉన్నాయి, కొనకండి. మీరు పడినప్పుడు పెట్టుకున్న హెల్మెట్ ఇప్పటికీ వాడుతుంటే ఈ రోజే మార్చేయండి. లోపలి థర్మాకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకు నలిగి ఆ శక్తిని తీసుకుంటుంది. మళ్ళీ ఉబ్బదు. పైకి కొత్తగా కనిపించినా దాని పని అయిపోయింది.

పడిన తర్వాతి గంట గురించి ఎవరూ చెప్పరు కాబట్టి అది కూడా రాస్తాను. నేను పడగానే జనం మూగారు. ఒకతను హెల్మెట్ లాగేయబోయాడు. పక్కన చాయ్ దుకాణం నడిపే పెద్దాయన ఆపాడు. "ముట్టకు బిడ్డా, మెడకేమైందో ఏమో. ఊపిరి ఆడుతుంది కదా, అట్లనే ఉండనీ" అన్నాడు. నీళ్ళు కూడా తాగనివ్వలేదు, ఆపరేషన్ అవసరం పడుతుందేమోనని. 108కి ఫోన్ చేసింది కూడా ఆయనే. ఇంత తెలివిగా చేసిన మనిషి, పోలీసులు తనను అడుగుతారేమోనని అంబులెన్స్ రాగానే పక్కకు తప్పుకున్నాడు. ఆ భయం అక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళను కాపాడతాయి. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మీకు తెలిసిన నలుగురికీ ఈ మాట చెప్పండి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు, పథకం కిందకు వచ్చే ఆసుపత్రుల్లో, ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స పొందే వీలు కూడా వచ్చింది.

తలకు దెబ్బ తగిలాక బాగానే ఉన్నామని ఇంటికి వెళ్ళిపోకండి. లోపల రక్తం చేరుతున్నా మొదటి కొన్ని గంటలు మనిషి మామూలుగా మాట్లాడొచ్చు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, వేళకాని మత్తు, ఇందులో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మన బండి రిపేరు రాదు. బండి ఇన్సూరెన్స్‌తో యజమానికి వచ్చే 15 లక్షల ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే. నాలా ఎముక విరిగితే ఆ ఖర్చుకు ఆరోగ్య బీమా వేరే ఉండాలి.

ఇంట్లోవాళ్ళు అమ్మేయమన్నారని రాశారు. వాళ్ళతో వాదించకండి, మీరు పడ్డ రోజు ఫోన్ అందుకున్నది వాళ్ళు. అలాగని ఇప్పుడే అమ్మాల్సిన పని కూడా లేదు. మీది నాగోల్ కాబట్టి అదృష్టం, మెట్రో ఒకే లైనులో ఉప్పల్, సికింద్రాబాద్, అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి తీసుకెళ్తుంది. కొన్ని నెలలు ఆఫీసుకు అందులో వెళ్ళండి, ఆదివారాలు బ్రేక్ ప్రాక్టీస్‌కు ఉంచుకోండి. నలభైలో చెయ్యి బిగుసుకోకుండా ఆపగలుగుతున్నారని మీకే తెలిశాక, పొద్దున్నే జనం లేనప్పుడు ఉప్పల్ వరకు వెళ్ళి రండి. ఆపైన తార్నాక. పీక్ అవర్ ట్రాఫిక్ ఆ తర్వాత ఎప్పుడో. వెనక ఎవరినైనా ఎక్కించుకోవడం అన్నిటికన్నా చివరికి పెట్టుకోండి. బరువు పెరిగితే బండి ఆగే తీరే మారిపోతుంది, ఆ తేడాను కూడా ముందు ఖాళీ రోడ్డు మీదే చూడాలి. ఎక్కేవాళ్ళకూ బకిల్ పెట్టిన హెల్మెట్ ఉండాలి, ఉప్పల్ వరకే అయినా సరే.